ఫ్రాంచైజీ మీకు సరిపడుతుందా: సంతకానికి ముందు తేల్చుకోవలసినవి

ఫ్రాంచైజీ తీసుకోవాలనే ఆలోచన రాగానే చాలామంది ఏ బ్రాండు మంచిదని వాకబు మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇంకొకరి పేరు మీద, ఇంకొకరు రాసిన నిబంధనల ప్రకారం, సొంత డబ్బు పెట్టి ఏళ్ల తరబడి వ్యాపారం నడపడానికి మీ స్వభావం ఒప్పుకుంటుందా? ఫ్రాంచైజీదారుకు నష్టం వస్తే యజమానిలా తానే భరించాలి, పని మాత్రం ఉద్యోగిలా చెప్పినట్టు చేయాలి. ఈ ఏర్పాటు కొందరికి కొండంత అండగా ఉంటుంది, కొందరికి ఊపిరాడనివ్వదు. మీరు ఏ కోవకు చెందుతారో బ్రాండు గురించి వాకబు చేసినంత మాత్రాన తెలియదు.

ఒప్పందంతో పాటు మాతృసంస్థ, అంటే బ్రాండు సొంతదారైన సంస్థ, ఒక మాన్యువల్ ఇస్తుంది. గోడలకు వేయవలసిన రంగు, సిబ్బంది దుస్తులు, సరుకు ఎవరి వద్ద కొనాలి, ఏ వేళకు ఏది శుభ్రం చేయాలి, వినియోగదారును ఏమని పలకరించాలి అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ మాన్యువల్‌ను మధ్యలో మార్చే హక్కు సాధారణంగా మాతృసంస్థ తన వద్దే ఉంచుకుంటుంది, ఆ మార్పులకయ్యే ఖర్చు మాత్రం మీ మీద పడుతుంది. కొన్నేళ్ల తరువాత దుకాణం రూపురేఖలు మార్చమంటే ఆ అలంకరణ మీకు నచ్చకపోయినా మార్చవలసిందే. మీరు ఇదివరకు చేసిన ఉద్యోగాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. అర్థం లేదనిపించిన నిబంధన ఎదురైనప్పుడు దాన్ని పాటిస్తూనే పైవారితో మాట్లాడారా, లేక మీ దారి మీరు చూసుకున్నారా? రెండవ రకం మనిషికి స్వతంత్ర వ్యాపారంలో ఆ గుణమే పెట్టుబడి అవుతుంది. ఫ్రాంచైజీలో మాత్రం అదే గుణం నోటీసులు తెచ్చిపెడుతుంది.

తరువాత చూడవలసినది మాతృసంస్థకు డబ్బు ఏ దారిన వస్తోందన్నది. నా దృష్టిలో ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇంత తక్కువమంది అడగడం ఆశ్చర్యమే. ప్రవేశ రుసుము, బ్రాండు వాడుకున్నందుకు అమ్మకాల్లోంచి మీరు కట్టే వాటా అయిన రాయల్టీ, మీకు అమ్మే సరుకు మీద లాభం, స్థలం అద్దె వంటి దారులు ఉంటాయి. మెక్‌డొనాల్డ్స్‌కు ఫ్రాంచైజీ దుకాణాల ద్వారా వచ్చే ఆదాయంలో పెద్ద వాటా అద్దెలదేనని ఆ సంస్థ వార్షిక నివేదికలే చూపుతాయి. ఆదాయం ప్రధానంగా రాయల్టీ నుంచి వచ్చే సంస్థకు మీ దుకాణం చాలాకాలం నడవడం అవసరం. కొత్తవారి ప్రవేశ రుసుముల మీదే బతికే సంస్థకు మీరు సంతకం పెట్టడం ముఖ్యం, ఆ తరువాత మీరు నిలదొక్కుకున్నారా లేదా అన్నది దానికి అంతగా పట్టదు.

రాయల్టీ విషయంలో చాలామంది పొరబడే అంశం ఒకటుంది. దాన్ని సాధారణంగా లాభం మీద కాక మొత్తం అమ్మకాల మీద లెక్కగడతారు. ఊహా లెక్కే అయినా కాగితం మీద వేసి చూడండి. నెలకు 100 అమ్మకం జరిగితే సరుకుకు 35, జీతాలకు 25, అద్దెకు 12, కరెంటు వగైరాలకు 10, రాయల్టీకి 6, ప్రకటనల నిధికి 2 పోగా చేతికి 10 మిగులుతుంది. ఇప్పుడు అమ్మకం 80కి పడిపోయిందనుకోండి. సరుకు ఖర్చు 28కి, రాయల్టీ, ప్రకటనల నిధి కలిపి 6.4కి తగ్గుతాయి కాని జీతాలు, అద్దె, కరెంటు కలిసిన 47 అక్కడే ఉంటుంది. మొత్తం ఖర్చు 81.4. అంటే అమ్మకం ఐదో వంతు తగ్గగానే లాభం మొత్తం కరిగిపోయి 1.4 నష్టం మిగిలింది. అయినా మాతృసంస్థ వాటా దానికి వెళ్లింది. ఈ లెక్కలో బ్యాంకు వాయిదా లేదు, మీ శ్రమకు జీతం లేదు. మీరు చూస్తున్న బ్రాండు అంకెలతో ఇదే లెక్క వేసి, అమ్మకం ఎంతకు పడితే మీ చేతి డబ్బు పెట్టవలసి వస్తుందో తెలుసుకోకుండా ముందడుగు వేయకండి.

పెట్టుబడి అంటే ప్రవేశ రుసుము, అలంకరణ, యంత్రాలు మాత్రమే కాదు. దుకాణం తన ఖర్చు తాను సంపాదించుకునే వరకు దాన్ని నడపడానికి కావలసిన డబ్బు, అంతకాలం మీ ఇల్లు గడవడానికి కావలసిన డబ్బు కూడా అందులో చేరాలి. బ్యాంకు గాని మాతృసంస్థ గాని వ్యక్తిగత హామీ అడిగితే, దుకాణం మూతపడ్డా బాకీ మిమ్మల్ని వదలదని అర్థం. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి దిగేవారు ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

పత్రాల విషయంలో అన్ని దేశాల పద్ధతి ఒకటి కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం సంతకానికి గాని డబ్బు చెల్లింపుకు గాని కనీసం 14 రోజుల ముందు, సంస్థ తన వివరాలు బయటపెడుతూ 23 అంశాలతో కూడిన వెల్లడి పత్రం ఇవ్వాలి. ఫ్రాన్సులో 1989 నాటి చట్టం 20 రోజుల గడువు పెట్టింది. భారతదేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం వంటి సాధారణ చట్టాలే వర్తిస్తాయి. చట్టం ఇప్పించని చోట మీరే అడిగి రాబట్టుకోవాలి. మాతృసంస్థపై ఉన్న వ్యాజ్యాలు, దాని ఆడిట్ అయిన లెక్కలు, గత మూడేళ్లలో తెరిచిన, మూసిన, చేతులు మారిన దుకాణాల సంఖ్య లిఖితపూర్వకంగా కావాలని చెప్పండి. ఆ మాటకే ముఖం మాడ్చుకునే సంస్థతో పదేళ్లు ఎలా వేగుతారో ఊహించుకోవచ్చు.

అమెరికా వెల్లడి పత్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం ఇటీవల వైదొలగిన ఫ్రాంచైజీదారుల జాబితా. సంస్థ మీకు పరిచయం చేసేవారు సహజంగా బాగా నడుస్తున్నవారే అయి ఉంటారు, కాబట్టి వదిలేసినవారిని వెతికి పట్టుకోవాలి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మర్యాద మాటలే వస్తాయి. ఎన్నో నెలలో మొదటిసారి ఇంటికి డబ్బు తీసుకువెళ్లారు, సంస్థ చెప్పిన అమ్మకానికి, వచ్చిన అమ్మకానికి తేడా ఎంత, యంత్రం చెడిపోయి ఫోను చేస్తే మనిషి ఎప్పుడు వచ్చాడు అని అడగండి. ఒకరి కథను బట్టి నిర్ణయించకండి, కాని నలుగురు విడివిడిగా ఒకే ఫిర్యాదు చెబితే దాన్ని నమ్మవచ్చు.

వీలైతే అదే బ్రాండు దుకాణంలో రెండు వారాలు పని చేయండి. ఉదయం షట్టరు తీసే వేళకు ఇద్దరు పనివాళ్లలో ఒకరు రాలేదని ఫోను వస్తుంది, మరోవైపు సరుకు బండి వచ్చి నిలబడి ఉంటుంది, కౌంటరు ముందు అప్పటికే ముగ్గురు వేచి ఉంటారు. ఆ గంటలో సరుకు దించుకునేది, బిల్లు వేసేది, తుడిచేది యజమానే. ఆ పని మీకు విసుగు పుట్టిస్తే, ఆ విసుగు వారానికి ఆరేడు రోజులు ఉంటుంది. మేనేజరును పెట్టి నడిపిద్దామనుకుంటే అతని జీతాన్ని పై లెక్కలో కలిపి మళ్లీ చూసుకోండి.

ఇక ఒప్పందాన్ని వాణిజ్య ఒప్పందాలు తెలిసిన న్యాయవాదికి చూపించాలి. మీ ప్రాంతంలో మరో దుకాణం పెట్టకూడదన్న హామీ ఉందా, ఉంటే ఆన్‌లైన్ ఆర్డర్లకు అది వర్తిస్తుందా అన్నది ముందుగా అడగండి. మీ వాటా ఇంకొకరికి అమ్ముకోవడానికి మాతృసంస్థ అనుమతి కావాలా, ఒప్పందం ముగిశాక అదే రకం వ్యాపారం ఎంతకాలం చేయకూడదంటున్నారు అన్నవి కూడా తెలుసుకోండి. చివరగా ఫ్రాంచైజీ ఒప్పందం ముగిసే తేదీని, దుకాణం లీజు ముగిసే తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. లీజు మూడేళ్లు ఎక్కువగా ఉండి ఒప్పందం పొడిగించకపోతే, బోర్డు దించేసిన గదికి, అందులో మీకు తెలిసిన వ్యాపారం చేసే హక్కు కూడా లేకుండా, ఆ మూడేళ్లూ అద్దె కట్టవలసి రావచ్చు.