మట్టి ఇల్లు ఎంత చల్లనో కొలవడం ఎలా?

మట్టి ఇల్లు చల్లగా ఉంటుందని చెప్పని వాళ్లు లేరు. అరకు రోడ్డు మీద రిసార్టు బోర్డులు అదే చెబుతాయి, ఆర్కిటెక్చర్ పిల్లల ప్రాజెక్టు షీట్లూ అదే చెబుతాయి. ఎంత చల్లన అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. చాలామంది కొలిచే తీరు ఇదీ: మధ్యాహ్నం రెండింటికి కారు దిగుతారు. థర్మామీటరు చేత్తో పట్టుకుని వాకిట్లో ఓ నిమిషం, లోపల ఓ నిమిషం నిలబడతారు. "బయటి కంటే అయిదు డిగ్రీలు తక్కువ" అని రాసుకుని బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లిపోతారు. ఆ అయిదు డిగ్రీల్లో సగం థర్మామీటరును ఎండలో పెట్టిన చలవే.

తీరం ఊళ్లలో అక్కడక్కడా మిగిలిన చుట్టిల్లు (గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు కప్పు) కానివ్వండి, పాడేరు కొండల్లో పెంకుటిల్లు కానివ్వండి, మీ సొంత డాబా కానివ్వండి, కొలిచే పద్ధతి ఒకటే. ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అంత టైం లేకపోతే అసలు మొదలుపెట్టకండి.

సామాను

ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు నాలుగు, నాలుగూ ఒకే కంపెనీవి. తీగ చివర సెన్సర్ ఉన్న థర్మామీటరు ఒకటి. ఒక పింగ్‌పాంగ్ బంతి, మెరుపు లేని నల్ల పెయింటు, పురికొస, అంటించే టేపు, కొలత టేపు, నోటు పుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, చెమట చేతికి ఇంకు అలుక్కుపోతుంది. ఫోన్లో యాప్ ఉంది కదా అనకండి. అది చూపించేది ఇంటర్నెట్ నుంచి తెచ్చిన వాతావరణం, మీరున్న గది సంగతి దానికి తెలీదు.

ముందు రాత్రి

నాలుగు మీటర్లనూ మీ ఇంట్లోనే ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి పడుకోండి. పొద్దున్నే వాటి మధ్య తేడా ఎంతుందో రాసుకోండి. కొత్తగా కొన్నవైనా సగం డిగ్రీ, డిగ్రీ తేడా చూపిస్తాయి. తేమకు ఉప్పు పరీక్ష చాలు. చిన్న గిన్నెలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత నీళ్లు మాత్రమే చల్లండి. గిన్నెనూ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో మూసి రాత్రంతా వదిలేస్తే 75 శాతం చూపించాలి. 80 చూపిస్తే ఆ మీటరు రీడింగుల్లో అయిదు తీసేయాలి.

బంతికి నల్ల పెయింటు వేసి, చిల్లు పెట్టి, తీగ సెన్సర్ దాని మధ్యకు వచ్చేలా దూర్చి టేపు వేయండి. పైకప్పు నుంచి మన మీదకు దిగే వేడిని ఈ బంతి పట్టుకుంటుంది. పక్కనున్న మామూలు మీటరు 33 చూపిస్తూ బంతి 36 చూపిస్తే, ఆ మూడూ స్లాబు నుంచో రేకు నుంచో దిగుతున్నట్టు. ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లు మండేది అందుకే.

రోజు, ఇల్లు

తీరంలో మే నెల. కొండ మీద మేతో పాటు జనవరి కూడా కొలవాలి, అక్కడ ముసలివాళ్లనూ పసిపిల్లలనూ బాధపెట్టేది ఎండ కంటే చలే. సంత రోజు వెళ్లకండి, ఇంట్లో మనుషులుండరు. ఏప్రిల్‌లో ఆదివాసీల ఇటుకల పండుగ రోజుల్లో కొలత టేపు పట్టుకుని ఊళ్లోకి అసలు వెళ్లకండి.

ముందు ఊరి పెద్దతో, తర్వాత ఇంటివాళ్లతో మాట్లాడండి. రాత్రి ఉంటామని మొదటే చెప్పాలి. వాళ్లింట్లో తింటే బియ్యం, పప్పు మీరే పట్టుకెళ్లండి. పాడేరు, అరకు వైపు చాలా ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, ఖోండు తెగవాళ్ల ఇళ్లలో కువి భాష. తెలుగు అందరికీ వచ్చులే అనుకోకుండా ఆ ఊరి కుర్రాణ్ణో అమ్మాయినో తోడు పెట్టుకుని, వాళ్లకు కూలి ఇవ్వండి.

ఇల్లు గీయడం పెద్ద పనేం కాదు. చుట్టిల్లయితే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కొలత. గుమ్మం దగ్గర గోడ మందం, నేల నుంచి చూరు ఎత్తు, నిట్టాడు (కప్పును మోసే నడిమి స్తంభం) ఎత్తు, ఉత్తరం ఎటో ఒక బాణం గుర్తు. అరగంట పని.

మీటరు ఎక్కడ పెట్టాలి?

అందరూ తప్పేది ఇక్కడే. నడిగదిలో గోడకు మేకు కొట్టి తగిలించేస్తారు. పేడతో అలికి ఎర్రమట్టి పూసిన గోడకు మేకు కొట్టడమే తప్పు, అది అలా ఉంచండి. ఆ నడిగదిలో పగలు ఎవరున్నారు? మనిషి లేని చోటు 30 ఉంటే ఏమిటి, 40 ఉంటే ఏమిటి?

మీటరు మనిషి ఉన్న చోట ఉండాలి. ఆ చోటు తెలియాలంటే అడగాలి, అడగడం కూడా సరిగ్గా రావాలి. "ఎండాకాలం మీరు ఎక్కడ ఉంటారమ్మా?" అంటే "ఇంట్లోనే బాబూ" అంటారు. మీరు వచ్చింది ఇంటి కోసమని వాళ్లకు తెలుసు, మీకు నచ్చే జవాబే చెబుతారు. అలా కాకుండా "నిన్న అన్నం తిన్నాక ఎక్కడ నడుం వాల్చారు? రాత్రి పిల్లలు ఎక్కడ పడుకున్నారు?" అని అడగండి. నిన్నటి సంగతి అడిగితే ఉన్నదున్నట్టు వస్తుంది. తీరం ఊళ్లో ఒక మామ్మను ఇలా అడిగితే, "పగలు లోపల ఎవులుంటారు బాబూ, అరుగు మీదే కదా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. చుట్టిల్లు చూరు వంగి లోపలికి వెళ్లేంత కిందకు దిగి ఉంటుంది. ఆ నీడలో, సముద్రం వైపు గాలి తగిలే అరుగు మీద ఆవిడ చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మీటరు ఉండాల్సింది అక్కడ.

తర్వాత ఎత్తు. పుస్తకాల్లో ఉన్న కొలతలు కుర్చీల్లో కూర్చునే వాళ్లవి. ఇక్కడ మనుషులు పీట మీద, నేల మీద కూర్చుంటారు, చాప మీదో నులక మంచం మీదో పడుకుంటారు. కూర్చునే చోట నేల నుంచి మూరెడు ఎత్తులో, చాప దగ్గర జానెడు ఎత్తులో మీటరు వేలాడదీయండి. నిలబడ్డ మనిషి తల ఎత్తున పెడితే కప్పు కింద చేరిన వేడిగాలిని కొలిచినట్టవుతుంది. పురికొసతో వాసానికి కడితే సరిపోతుంది, మేకులక్కర్లేదు.

ఏ వాసానికి కట్టాలో కూడా అడిగే కట్టండి. చాలా ఇళ్లలో దేవుడికో పెద్దలకో చెందిన మూల ఒకటి ఉంటుంది, ఒక్కోచోట అది నిట్టాడే కావచ్చు. బయటివాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, ఫోటో తీయకూడదు. లోపలి గదిలోకి రావద్దంటే మీటరు ఇంటావిడ చేతికిచ్చి ఆవిణ్ణే పెట్టమనండి. అదీ వద్దంటే ఆ గది రీడింగు లేదని రాసుకుని ఊరుకోండి. ఒక అంకె కోసం మనసు కష్టపెడితే ఆ ఊళ్లో మీ తర్వాత వెళ్లే వాళ్లకు కూడా తలుపు మూసుకుపోతుంది.

పొయ్యికి కనీసం నాలుగు మూరల దూరం ఉంచండి. పొయ్యి ఎప్పుడు రాజేశారో, ఎప్పుడు ఆర్పారో టైం రాయండి. ఆ పొగ అటక మీద గింజకు, కప్పు గడ్డికి పురుగు పట్టకుండా కాపాడుతుంది. అదే పొగ ఇంటావిడ ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. పాత ఇల్లు గొప్పదని రాసేవాళ్లు ఈ రెండో వాక్యం మింగేస్తారు. గాలి ఎటు కదులుతోందో చూడాలంటే పల్చటి దారం కట్టి చూడండి. అగరుబత్తి వెలిగించే వాళ్లున్నారు. తాటాకు కప్పు కింద నిప్పు పట్టుకుని తిరిగే మనిషికి ఏం చెబుతాం.

నాలుగో మీటరు బయటికి. పూర్తిగా నీడలో, గోడకు దూరంగా, గాలి ఆడే చోట, చెట్టు కొమ్మకు. పక్కనే రేకుల ఇల్లో కొత్త స్లాబు గదో ఉంటే ఒక మీటరు అక్కడా పెట్టాలి. పోల్చడానికి వేరే ఊరు, వేరే రోజు పనికిరావు. కొండల్లో ఇప్పుడు ఇది తేలికే. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ (బాగా వెనకబడిన ఆదివాసీ తెగల కోసం కేంద్రం పెట్టిన పథకం) కింద గదబ, ఖోండు, పోర్జ లాంటి తెగల కుటుంబాలకు కొత్త ఇళ్లు మంజూరయ్యాయి. పాత ఇంటి పక్కనే కొత్తది లేచిన చోట రెండూ దొరుకుతాయి.

రీడింగులు

గంటకోసారి, పొద్దున్న ఆరు నుంచి మర్నాడు ఆరు వరకు. వంతులు వేసుకోండి. మధ్యాహ్నం ఒక్కటే కొలిస్తే ఎందుకు చాలదో ఒక్క ముక్కలో చెబుతాను. నాలుగంగుళాల స్లాబులోంచి వేడి కిందకు రావడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. సాయంత్రానికి మొదలై అర్ధరాత్రి దాకా స్లాబు కక్కుతూనే ఉంటుంది. రేకు మధ్యాహ్నం నరకం, కానీ పొద్దుగూకాక త్వరగా చల్లారుతుంది. రెండింటికి కొలిస్తే డాబా గెలుస్తుంది, రాత్రి పదకొండుకు కొలిస్తే రేకు గెలుస్తుంది. మనిషికి నిద్ర కావాల్సింది పదకొండుకు. పగలంతా ఎండ దెబ్బ తిన్న ఒళ్లు తేరుకునేదీ అప్పుడే.

మట్టి గోడ సంగతి ఇంకా తిరకాసు. అడుగు మందం గోడకు ఎండ తగిలితే ఆ వేడి లోపలికి చేరడానికి పది పన్నెండు గంటలు పడుతుంది, అంటే సరిగ్గా పడుకునే వేళకు. చుట్టిల్లు ఆ గండం దాటేది కిందకు దిగిన చూరు వల్ల. గోడకు ఎండ తగలనివ్వదు. పైన మందపాటి తాటాకు వేడిని దిగనివ్వదు. రిసార్టు వాళ్లు గోడ మట్టిది కట్టి, అందం కోసం చూరు కురచ చేస్తారు. అది మట్టి రంగు వేసిన పొయ్యి.

ఇంకోటి. విశాఖలో సముద్రం వల్ల మే నెలలో పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు. దళసరి గోడ పనిచేయాలంటే రాత్రి చల్లబడాలి కదా. అరకులో ఆ తేడా ఎక్కువ, గోడ దాని పని అది చేస్తుంది. తీరంలో కాపాడేవి నీడ, గాలి. విశాఖ ఎంవీపీ కాలనీలో అరకు గోడ కట్టుకుంటానని వచ్చే వాళ్లకు ముందు బాల్కనీ చూరు పెంచుకోమని చెబుతాను.

రాయడం

"సగటున ఇంత చల్లన" అని రాయకండి. గంటల వారీగా గీత గీసి, దాని కింద మనిషి ఎక్కడున్నాడో రాయండి: అరుగు, చింతచెట్టు కింద, పొయ్యి దగ్గర, చాప. తేమ పక్కనే వేయండి. 80 శాతం తేమలో 34 అంటే చెమట ఆరదు, కొండ మీద పొడిగాలిలో అదే 34ను ఒళ్లు తట్టుకుంటుంది. వాతావరణ శాఖ కూడా వడగాలి లెక్కకు మైదానాల్లో 40, తీరంలో 37, కొండల్లో 30 డిగ్రీల దగ్గర గీత గీస్తుంది. మీ ఇల్లు ఏ గీత కింద పడుతుందో అదే వాడండి.

గీసిన ప్లానూ ఈ చార్టూ ఒక కాపీ ఇంటివాళ్లకు, తెలుగులో, కాలేజీకి ఇచ్చేముందే. వాళ్ల పేరు వేయొచ్చో లేదో అప్పుడే అడగండి. చార్టు మీద తేదీ, ఆ రోజు విశాఖలోని వాల్తేరు వాతావరణ కేంద్రంలో నమోదైన గరిష్ఠం, కనిష్ఠం తప్పకుండా ఉండాలి. కొండ మీదైతే దగ్గర్లోని కేంద్రానివి. అవి లేకపోతే మీ అంకెలు మండే రోజువో, ముసురు పట్టిన రోజువో చదివేవాళ్లకు తెలీదు.