ఆంగ్ల భౌగోళిక పదాల మూలాలు – 7వ పాఠం: ఆర్కిపెలాగో

పెనిన్సులా అనే మాటను విడదీయమని గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ఈ పాఠాన్ని అనుకున్న చోట మొదలుపెట్టడం కుదరలేదు. లాటిన్‌లో పైనె అంటే దాదాపు, ఇన్సులా అంటే దీవి అని చాలామంది సరిగ్గానే రాశారు. మన ద్వీపకల్పంలోని కల్ప ప్రత్యయానికీ సంస్కృతంలో ఇంచుమించు అనే అర్థమే ఉంది కనుక అక్కడ చిక్కేమీ లేదు. చిక్కంతా, అడగకపోయినా, ఐలండ్ కూడా ఇన్సులా నుంచే పుట్టిందని చివర చేర్చిన వాక్యంతో వచ్చింది.

పుట్టలేదు. ఐలండ్ అచ్చమైన జర్మానిక్ మాట, అంటే ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల కుటుంబానికి చెందినది. పాత ఇంగ్లీషులో దాని తొలిభాగమైన ఈగ్ ఒక్కటే దీవి అని చెప్పడానికి సరిపోతుంది. దానికి నేల అనే అర్థమున్న లాండ్ తోడైంది. ఆ రూపంలో ఎస్ అనే అక్షరం లేదు. ఇన్సులా నుంచి ఫ్రెంచి మీదుగా నిజంగానే వచ్చిన ఐల్ అనే మాట పక్కనే ఉండడంతో, రెండూ చుట్టాలని భ్రమపడినవారు 16వ శతాబ్దంలో దీనికీ ఎస్ తగిలించారు, కాని ఆ అక్షరాన్ని ఈ మాటలో ఏనాడూ ఎవరూ పలకలేదు. స్పెల్లింగు చూసి మూలం చెప్పే అలవాటు నాకు బొత్తిగా గిట్టదు. నిఘంటువులో అతి పాత రూపం చూడనిదే నేను ఏ పదాన్నీ విరవను.

ఇక దీవుల గుంపుకు చెప్పే ఆర్కిపెలాగో. గ్రీకులో ఆర్ఖి అంటే ప్రధానమైన, పెలగోస్ అంటే సముద్రం. దీవి అనే మాట ఇందులో ఎక్కడా లేదు. ఇటాలియన్‌లో ఇది మొదట గ్రీసు, టర్కీల మధ్యనున్న ఏజియన్ సముద్రానికి పేరు. ఆ సముద్రం నిండా దీవులే కావడం వల్ల, పేరు క్రమంగా దీవులున్న ఏ సముద్రానికైనా, ఆపైన దీవుల గుంపుకే చెల్లింది. పటంలో దీవులు విల్లులా వంగి కనిపించాయని దీన్ని చాపానికి చెప్పే ఆర్క్‌తో కలపకండి. ఆ మాట విల్లు అనే అర్థమున్న లాటిన్ ఆర్కుస్ సంతానం. మనది ఆర్కిటెక్ట్‌లో వడ్రంగి అనే మాటకు ముందు నిలిచిన గ్రీకు ఆర్ఖి.

అభ్యాసం: ఆర్చ్‌బిషప్, ఆర్చరీ, ఆర్కేడ్, మోనార్క్ అనే నాలుగింటిలో గ్రీకువి ఏవో, లాటిన్‌వి ఏవో పాత రూపాలతో సహా రాయండి. ఇన్సులిన్ అనే హార్మోనుకు దీవి పేరు ఎందుకు వచ్చిందో క్లోమం నిర్మాణం చదివి, ఒకే వాక్యంలో చెప్పండి.