కడలిలో పడ్డ యుద్ధవిమానం జాడ తీయడం, 4వ పాఠం: ఆఖరి మెసేజ్ నుంచి మ్యాప్ మీద గుండ్రం దాకా

పోయిన పాఠంలో స్క్వాడ్రన్ (అంటే యుద్ధవిమానాల దళం) రికార్డు చదవడం నేర్చుకున్నాం కదా, బ్రిటిష్ వైమానిక దళం వాళ్ళ ఫారం 541, అందులో తేదీ, విమానం నంబరు, సిబ్బంది పేర్లు, డ్యూటీ, ఎన్నింటికి లేచింది ఎన్నింటికి దిగింది అని వరసగా కాలమ్‌లు ఉంటాయి. హోంవర్క్‌గా ఒక పేజీ ఇచ్చి ఇందులో తేడా ఎక్కడుందో చెప్పమంటే పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి ఒక్క లైన్ రాసి పంపింది, "సార్, దిగిన టైమ్ కాలమ్ ఖాళీగా ఉంది" అని. అంతే, అదే జవాబు, అంటే ఆ విమానం తిరిగి వచ్చినట్టు రికార్డు లేదు. ఆ ఒక్క ఖాళీ గడి దగ్గర్నుంచే ఈ రోజు పాఠం మొదలవుతుంది.

మన ఒడిశాకి ఇది దూరపు సంగతి కాదు. 1943 ఆగస్టు నుంచి కటక్‌లో 354 స్క్వాడ్రన్ ఉండేది, నాలుగింజన్ల లిబరేటర్ విమానాలతో బంగాళాఖాతం మీద గస్తీ తిరిగేది, బర్మా ఒడ్డున జపాన్ ఓడల మీద దాడికీ వెళ్ళేది. బరంపురంలో, ఛత్రపురంలో ఉన్న మనం రోజూ చూసే సముద్రమే అది. ఈ సముద్రంలో పడిపోయి సమాధి దొరకని బ్రిటిష్, కామన్వెల్త్ వైమానికుల పేర్లు సింగపూర్‌లో క్రాంజీ దగ్గరున్న స్మారకం మీద చెక్కారు, మొత్తం 24,000కి పైగా పేర్లు ఉన్నాయక్కడ, సైనికులవీ వైమానికులవీ కలిపి. ఆ రాయి మీద పేరుంటుంది, తేదీ రికార్డులో దొరుకుతుంది, ఎక్కడ పడ్డారో మాత్రం ఉండదు. ఆ "ఎక్కడ" అనేదాన్ని మనం లెక్కతో ఎంత దగ్గరగా పట్టుకోగలమో చూద్దాం.

కావలసినవి గ్రాఫ్ పేపర్, స్కేలు, జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్, ఫోన్‌లో కాలిక్యులేటర్. ఒడియా మీడియంలో చదివి తెలుగు నెమ్మదిగా చదివేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి అంకెల దగ్గర నేను మెల్లగానే వెళ్తా.

ముందు డిగ్రీలు, నిమిషాలు. గోపాలపూర్ సుమారు 19 డిగ్రీల 16 నిమిషాల ఉత్తర అక్షాంశం, 84 డిగ్రీల 55 నిమిషాల తూర్పు రేఖాంశం. దీన్ని 19.16 అని రాసేస్తారు చాలామంది, తప్పు, 16ని 60తో భాగిస్తే 0.27, కాబట్టి 19.27. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు. ఈ పాఠంలో ఇక మైలు అంటే నాటికల్ మైలే. ఉత్తరం దక్షిణం లెక్కకి ఇంతకన్నా ఏం అక్కర్లేదు.

తూర్పు పడమరలకి మాత్రం ఒక చిక్కుంది, రేఖాంశాలు ధ్రువం వైపు పోయేకొద్దీ దగ్గర పడతాయి కాబట్టి అక్కడ ఒక నిమిషం ఒక మైలు కాదు, అంతకన్నా తక్కువ. ఎంత తక్కువో తెలియాలంటే ఆ అక్షాంశానికి కాస్ (కాలిక్యులేటర్‌లో cos) విలువ తీయాలి. 19.6 కొట్టి కాస్ నొక్కితే 0.942 రావాలి. వేరే ఏదో వస్తే మీ కాలిక్యులేటర్ రేడియన్‌లో ఉందన్నమాట, డిగ్రీకి మార్చుకోండి.

ఇప్పుడు లెక్క, ఇది సాధన కోసం నేను కల్పించుకున్నది, ఏ నిజం విమానానిదీ కాదు. గోపాలపూర్ మీదుగా వెళ్తూ విమానం ముక్కు నేరుగా తూర్పుకి పెట్టింది, గాలిలో దాని వేగం 150 నాట్లు, సరిగ్గా 2 గంటల తర్వాత ఆఖరి మెసేజ్ వచ్చింది, ఆ రోజు దక్షిణ గాలి 20 నాట్లు. రెండు గంటల్లో తూర్పుకి 300 మైళ్ళు, అదే రెండు గంటల్లో గాలి దాన్ని ఉత్తరానికి 40 మైళ్ళు తోసేసింది. ఉత్తరం 40 మైళ్ళంటే 40 నిమిషాలు, కాబట్టి 19 డిగ్రీల 56 నిమిషాలు. బయల్దేరిన అక్షాంశానికీ దీనికీ సరిగ్గా మధ్యది 19 డిగ్రీల 36 నిమిషాలు, అంటే 19.6, ఇందాక కాస్ తీసింది దానికే, కాబట్టి తూర్పు 300ని 0.942తో భాగిస్తే 318 నిమిషాలు, అంటే 5 డిగ్రీల 18, అది కలిపితే 90 డిగ్రీల 13 నిమిషాలు. అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. కాస్ మర్చిపోయి 300 నిమిషాలే కలిపితే మీ చుక్క 31 కిలోమీటర్లు పక్కకి పోతుంది, గాలి మర్చిపోతే 74 కిలోమీటర్లు.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు టైమ్ దగ్గర జరుగుతుంది. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా మన దేశం గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపారు, గ్రీనిచ్ టైమ్ కన్నా ఇప్పుడున్న ఐదున్నర గంటలు కాదు, ఆరున్నర గంటలు ముందు. రికార్డులో ఒక చోట గ్రీనిచ్ టైమ్, ఇంకో చోట లోకల్ టైమ్ వేసి ఉండొచ్చు. నేను ఇది తెలియక ముందు ఒక కేసు మీద రెండు నెలలు ఐదున్నరతోనే లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నా, గంట తేడా అంటే ఈ వేగానికి 150 మైళ్ళు, 278 కిలోమీటర్లు, ఆ రెండు నెలలూ నేను చూసింది అసలు సంబంధం లేని నీళ్ళు. అందుకే టైమ్ పక్కన అది ఏ టైమో రాయకుండా ఒక్క అంకె కూడా నోట్‌బుక్‌లో ఎక్కించొద్దు.

ఇంకోటి, ఆఖరి మెసేజ్ వచ్చిన చోటు వేరు, విమానం పడ్డ చోటు వేరు. 1942 ఏప్రిల్ 4న కెనడా వైమానిక దళం 413 స్క్వాడ్రన్‌కి చెందిన కాటలినా (నీళ్ళ మీద దిగే గస్తీ విమానం), లియొనార్డ్ బర్చల్ నడిపిన విమానం, సిలోన్‌కి (ఇప్పటి శ్రీలంకకి) ఆగ్నేయంగా జపాన్ నౌకాదళాన్ని చూసింది. రేడియో మనిషి ఆ కబురు పంపుతూ ఉండగానే జపాన్ ఫైటర్లు కాల్చి సముద్రంలో పడేశాయి. మర్నాడు కొలంబో మీద, ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడ మీద బాంబులు పడ్డ సంగతి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ కాటలినాలో ఉన్నది తొమ్మిది మంది, ముగ్గురు పోయారు, ఆరుగురిని జపాన్ ఓడ ఎక్కించుకుని పోయింది, బర్చల్‌తో సహా యుద్ధం అయ్యేదాకా బందీలుగానే ఉన్నారు. కాబట్టి రికార్డులో "మిస్సింగ్" అని కనిపించగానే చనిపోయారు అని మీ తరఫున రాసేయకండి. మెసేజ్ తర్వాత ఆ విమానం ఐదు నిమిషాలు ఎగిరిందో గంట ఎగిరిందో మనకి తెలియదు.

అందుకే ఒక్క చుక్క చాలదు, చుక్క చుట్టూ గుండ్రం గీయాలి. విమానం ఎగిరిన దూరంలో పదో వంతుని నేను వ్యాసార్ధంగా తీసుకుంటా, 300 మైళ్ళకి 30 మైళ్ళు. ఆ గుండ్రం వైశాల్యం కట్టి చూడండి, దాదాపు 9,700 చదరపు కిలోమీటర్లు వస్తుంది, మన గంజాం జిల్లా మొత్తం అందులో పట్టేసి ఇంకా మిగులుతుంది. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇక మనుషులు. విమానం మునిగిపోయినా రబ్బరు డింగీలోకి, అంటే గాలి నింపిన చిన్న పడవలోకి ఎక్కగలిగితే వాళ్ళు ఆ చుక్క దగ్గర ఉండరు, కొట్టుకుపోతారు. ఇది నాకు కాగితం మీద ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, గోపాలపూర్‌లో ఒక వాడబలిజ తాత చూపించాక ఎక్కింది. బీచ్ దగ్గర ఆయన తెప్ప సర్దుకుంటుంటే అడిగా, తాతా, పడవ ఆగిపోతే ఎటు కొట్టుకుపోతాది అని. ఆయన ఏం చెప్పకుండా ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి, నీళ్ళల్లో నాని బరువెక్కిన కర్రముక్క ఒకటి తీసుకుని నన్ను తెప్ప మీద అలలు దాటించి తీసుకెళ్ళి రెండూ ఒకే చోట వదిలాడు. సీసా గాలికి పరిగెత్తింది, కర్రముక్క మెల్లగా ఇంకో వైపు జరిగింది, కాసేపటికి రెండిటి మధ్యా అంత దూరం. "సూసినావా బాబూ, గాలి ఓ పక్కకి తోస్తాది, నీరు ఓ పక్కకి లాగుతాది, మనిసున్న తెప్ప ఆ రెండిటి నడాన పోతాది" అన్నాడు. వెతుకులాట పుస్తకాల్లో ఇదే ఉంటుంది, గాలి తోపు, నీటి కరెంటు (అంటే నీటి ప్రవాహం), రెండూ కలపాలి అని.

మన ఒడ్డు వెంబడి కరెంటు సుమారు ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యం వైపు పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి నైరుతి వైపు పోతుంది. ఇక్కడ పేర్లతో ఒక మోసం ఉంది, జాగ్రత్త. దక్షిణ గాలి అంటే దక్షిణం నుంచి వచ్చేది, కరెంటుకి మాత్రం అది పోయే దిక్కు చెప్తారు. ఈ రెండూ తిరగేస్తే మీ డింగీ సరిగ్గా ఎదురు దిక్కుకి పోతుంది.

మన లెక్కలో కరెంటు ఈశాన్యానికి అర నాట్ అనుకుందాం, రోజుకి 12 మైళ్ళు. డింగీని గాలి దాని వేగంలో 3 శాతం చొప్పున తోస్తుంది అనుకుంటే 20 నాట్ల దక్షిణ గాలికి 0.6 నాట్, రోజుకి 14 మైళ్ళు ఉత్తరానికి. రెండు బాణాలూ ఒకదాని కొసన ఇంకోటి గీస్తే ఒక్క రోజులో 24 మైళ్ళు పైనే, 45 కిలోమీటర్లు. గుండ్రాన్ని కూడా రోజురోజుకీ పెద్దది చేసుకుంటూ పోవాలి. ఎన్నాళ్ళు అంటారా, 1943 మే 27న పసిఫిక్‌లో పడ్డ అమెరికా లిబరేటర్‌లో పదకొండు మందిలో ముగ్గురు తెప్పల్లోకి ఎక్కారు, వాళ్ళల్లో ఇద్దరు, లూయిస్ జాంపెరీనీ, రస్సెల్ ఫిలిప్స్, 47 రోజుల తర్వాత మార్షల్ దీవుల దగ్గర జపాన్ వాళ్ళ చేతికి చిక్కారు, ప్రాణాలతో.

ఇంత టెక్నాలజీ వచ్చాక ఇదెందుకు అనేవాళ్ళకి ఒకటి చెప్తా. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ మన వైమానిక దళం ఏఎన్-32 రవాణా విమానం 29 మందితో పోయింది, యుద్ధం లేదు, రాడార్ ఉంది, ఓడలు విమానాలు అన్నీ వెతికాయి. అందులో ఎనిమిది మంది మన విశాఖ వాళ్ళు. శకలాలు 2024 జనవరిలో బయటపడ్డాయి, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. ఏడున్నరేళ్ళు ఆ ఇళ్ళల్లో వాళ్ళు ఏ తేదీన తద్దినం పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేల్చుకోలేక ఎంత నలిగి ఉంటారో. 1944లో పోయిన పిల్లాడి తల్లికి అంత కూడా దొరకలేదు. మనం వేసే గుండ్రం ఆ కుటుంబాల్లో ఎవరి చేతికైనా వెళ్ళొచ్చు, అందుకని ఏది రికార్డులో ఉన్నదో నల్ల సిరాతో, ఏది మన లెక్కో పెన్సిల్‌తో, ఎప్పటికీ ఇలాగే రాయండి.

హోంవర్క్. ఇదీ కల్పించిందే. 1944 జూన్, గోపాలపూర్ మీదుగా విమానం ముక్కు నేరుగా దక్షిణానికి పెట్టింది గ్రీనిచ్ టైమ్ 0100కి, వేగం 140 నాట్లు, పడమటి గాలి 20 నాట్లు. ఆఖరి మెసేజ్ మన దేశం టైమ్ 0900కి. చుక్క పెట్టి, గుండ్రం గీసి, గ్రాఫ్ పేపర్ ఫోటో తీసి పంపండి. ఎంతసేపు ఎగిరింది అన్నది ముందు తేల్చుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. వచ్చే పాఠంలో ఇదే విమానానికి రెండు వేరు వేరు సాక్ష్యాలు దొరికితే, రెండు గుండ్రాలు ఎక్కడ కలుస్తాయో చూసి వెతికే చోటు చిన్నది చేయడం నేర్చుకుందాం.