బస్టర్ కీటన్ టాకీ షార్టులు: ఏది ముందు, ఏది తర్వాత

బస్టర్ కీటన్ హాలీవుడ్ మూకీల నాటి హాస్యనటుడు. ఆ మూకీలు చూసి పిచ్చెక్కి, అదే ఊపులో ఆయన టాకీ షార్టులు (మాటలున్న పొట్టి సినిమాలు) పెట్టుకుంటే పది నిమిషాల్లో కట్టేస్తారు. నేనూ కట్టేశాను. తప్పు కొంత ఆ సినిమాలదే, కానీ నేను మొదలుపెట్టిన చోటు ఇంకా తప్పు.

1933లో ఎంజీఎం స్టూడియో ఆయన్ని పంపించేసింది. తర్వాత 1934 నుంచి 1937 దాకా ఎడ్యుకేషనల్ పిక్చర్స్‌కి 16 షార్టులు, 1939 నుంచి 1941 దాకా కొలంబియా స్టూడియోకి 10 చేశాడు. ఒక్కోటి రెండు రీళ్లు, దాదాపు ఇరవై నిమిషాలు. (ఎడ్యుకేషనల్ అని పాఠాలేమీ ఉండవు, కామెడీలే.)

మొదట 1936 నాటి 'గ్రాండ్ స్లామ్ ఓపెరా' పెట్టండి. కథలో కీటన్ చెయ్యి కూడా ఉంది కాబట్టే తేడా తెలుస్తుంది. రేడియోలో కొత్తవాళ్ల పోటీకి వెళ్లి, వినేవాళ్లకి కనిపించదని తెలిసీ బంతులు ఎగరేస్తాడు చూడండి, ఆ ఐడియాకే నవ్వొస్తుంది. హోటల్ గదిలో, అప్పటి డాన్స్ స్టార్ ఫ్రెడ్ అస్టైర్‌ని అనుకరిస్తూ సామాన్ల మీదికెక్కి డాన్స్ చేసే చోట ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. నలభై ఏళ్ల మనిషి, ఒళ్లు మాత్రం మూకీ నాటిదే.

తర్వాత 1935 నాటి 'పలూకా ఫ్రమ్ పడూకా'. గొప్ప సినిమా కాదు, కానీ అందులో ఆయన తల్లి, తండ్రి, చెల్లెలు కూడా నటించారు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కిన పిల్లాడు ఇన్నేళ్లకి ఇలా మళ్లీ వాళ్ల పక్కన కనిపిస్తే, జోకులు పేలకపోయినా చూడబుద్ధేస్తుంది.

కొలంబియావి చివరికి ఉంచండి, అవి కూడా రోజుకొకటే. డెల్ లార్డ్ తీసిన 'పెస్ట్ ఫ్రమ్ ది వెస్ట్' (1939)తో మొదలుపెడితే నయం. మిగతావి ఎక్కువగా జూల్స్ వైట్ తీశాడు. త్రీ స్టూజెస్ అనే కామెడీ త్రయానికి పనికొచ్చిన ఆ కొట్టుకోవడం, అరుపులు కీటన్‌కి అతకలేదని నా ఉద్దేశం. మెల్లగా, నిదానంగా ఇరుక్కుపోయే మనిషిని పట్టుకుని పరిగెత్తిస్తే ఎలా? అయినా 'నథింగ్ బట్ ప్లెజర్'లో తాగి సోయి లేని అమ్మాయిని మంచం మీదికి చేర్చడానికి పడే పాట్లు వదలొద్దు. అది 1929 నాటి 'స్పైట్ మ్యారేజ్'లో చేసిన ముక్కే, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మాటలతో మరీ విసుగొస్తే కెనడా ఫిల్మ్ బోర్డు వాళ్ల 'ది రైల్‌రాడర్' (1965) పెట్టుకోండి. అది రంగుల్లో ఉంటుంది, చప్పుళ్లూ సంగీతమూ ఉంటాయి, ఆయన మాత్రం నోరు మెదపడు.