తుఫాను రోజుల్లోనూ చలికాలంలోనూ పెరటి కోళ్ల సంరక్షణ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో ఇంటి వెనక పది పదిహేను నాటుకోళ్లను పెంచుకోవడం మనకు కొత్త కాదు. వాటికి గడ్డుకాలం ఎండాకాలమేనని చాలామంది అనుకుంటారు గాని, నా అనుభవంలో అక్టోబరు మొదలు సంక్రాంతి వెళ్లేదాకా ఉండే రోజులే ఎక్కువ కోళ్లను తీసుకుపోతాయి. మొదట తుఫాను, దాని వెనకే ముసురు, ఆ తరువాత ధనుర్మాసపు మంచు, చివరికి పండగ ముందు సంతల రద్దీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి; 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అందువల్ల కోళ్ల గూటి పనులన్నీ వినాయక చవితి నాటికే మొదలుపెట్టుకోవడం మంచిది.

ఈ రోజుల్లో కోళ్లకు అసలు శత్రువు తడి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు ఉంటుంది, ఈకల మధ్య నిలిచే గాలి పొర ఆ వేడిని పట్టి ఉంచుతుంది కనుక, ఒళ్లు పొడిగా ఉన్న పెద్దకోడి మన ప్రాంతపు చలిని సులువుగా తట్టుకుంటుంది. అదే కోడి తడిసి గాలిలో నిలబడితే ఒక్క రాత్రిలో నీరసించిపోతుంది. తడికి తోడు గాలి ఆడని గూడు కూడా అంతే ప్రమాదం. ఆ సంగతి నాకు తిత్లీ తరువాత గాని తెలియలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటే ముందు నేను గూడు చుట్టూ టార్పాలిన్‌ను సందు లేకుండా బిగించి కట్టాను. ఆ గాలికి ఒక్క కోడి కూడా చావలేదు. తరువాత కూలిన కొబ్బరి చెట్లను తొలగించుకోవడంలో, మంచినీళ్ల కోసం తిరగడంలో పడి నాలుగు రోజులు ఆ టార్పాలిన్ విప్పలేదు. ఐదో రోజు విప్పితే కళ్లు మండేంత ఘాటు బయటికి వచ్చింది, కింద ఊక ముద్దయి ఉంది. వారం తిరగకుండా గురక మొదలై, పద్దెనిమిది కోళ్లలో ఏడు చనిపోయాయి. గాలివాన నుంచి బయటపడిన కోళ్లు నా అజాగ్రత్త వల్ల పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఇది రాయడానికి కారణం కూడా అదే.

గూడు

గూడు నేలకు రెండడుగుల ఎత్తున, మెరక మీద ఉండాలి. కొబ్బరి చెట్టు కిందా ముదురు పనస చెట్టు కిందా ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు. రాత్రి పడుకునేందుకు ఒక్కో పెద్దకోడికి రెండు చదరపు అడుగుల చోటు, కూర్చోవడానికి వెదురు బొంగు మీద జానెడు స్థలం సరిపోతాయి. గోడల కింది భాగం, అంటే కోళ్లు కూర్చునే ఎత్తు వరకు, గాలి తగలకుండా మూసి ఉండాలి. పైకప్పు కింద మాత్రం చుట్టూ నాలుగు వేళ్ల మందాన సందు వదలాలి. కోళ్ల ఊపిరి వల్ల, రెట్టల వల్ల పుట్టే ఆవిరి ఆ సందులోంచే బయటికి పోతుంది. మంచు పడే రోజుల్లో గోనె సంచుల తెరలు రాత్రి దించి, ఎండ రాగానే ఎత్తివేయాలి.

కింద రెండు మూడు అంగుళాల మందాన పొడి ఊక పరచి, రోజు విడిచి రోజు తిరగవేయాలి. ఊక తడిని పరీక్షించడానికి నేను చేసే పద్ధతి ఒకటుంది. గూటి మధ్య నుంచి ఒక పిడికెడు ఊక తీసుకుని గట్టిగా నొక్కి, చెయ్యి తెరిచి చూడాలి. ఊక అరచేతిలో కాస్త అంటుకుని వెంటనే విడిపోతే అది సరిగా ఉన్నట్టు. లడ్డూలా ముద్దగా నిలిచిపోతే ఆ రోజే తీసి కొత్తది వేయాలి. ఆ తరువాత గూటి ముందు గొంతుక్కూర్చుని, ముఖాన్ని కోడి తల ఎత్తుకు దించి ఒకసారి ఊపిరి పీల్చాలి. మనం నిలబడినప్పుడు తెలియని ఘాటు అక్కడ ముక్కుకు తగులుతుంది. కోడి రాత్రంతా పీల్చేది ఆ గాలినే.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు

కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని తెలిసిన వెంటనే రేకుల మీదుగా మందపాటి తాళ్లు వేసి, నాలుగు మూలలా లోతుగా పాతిన గుంజలకు కట్టాలి. రేకుల మీద రాళ్లు పెట్టడం మన ఊళ్లలో అలవాటే గాని, ఆ రాయి గాలికి దొర్లితే మనుషులకే ప్రమాదం. ఇసుక మూటలు నయం. గూడు పాతదైనా, తాటాకు కప్పు అయినా దానిని నమ్ముకోవద్దు. కోళ్లను గంపల్లో మూసి ఇంటి సావిట్లోకో పక్కా గదిలోకో చేర్చుకోవాలి. ఒక్కో గంపలో నాలుగైదుకు మించి పెట్టకూడదు, పుంజులను విడివిడిగా మూయాలి. గంపల కింద గడ్డి, పైన గోనె వేస్తే చాలు, ప్లాస్టిక్ కప్పకూడదు.

మూడు రోజులకు సరిపడా నీళ్లు, మేత ముందే లోపల పెట్టుకోవాలి. పెద్దకోడి రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది, నూరు గ్రాముల దాకా మేత తింటుంది. నూకలు, చోళ్లు (రాగులు), నలగ్గొట్టిన మొక్కజొన్న, కాస్త తవుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి అటకెక్కించాలి. ఒక విషయం మరీ మరీ చెప్పాలి. తుఫాను కేంద్రం మన మీదుగా పోతే నడుమ కాసేపు గాలి ఆగిపోతుంది, తరువాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ నిశ్శబ్దం చూసి తుఫాను అయిపోయిందనుకుని కోళ్లను విడిచిపెట్టడం గాని, గూడు చూడటానికి పెరట్లోకి వెళ్లడం గాని చేయవద్దు.

కోడిపిల్లలున్న వారికి కరెంటు పోవడం పెద్ద సమస్య. తల్లికోడి రెక్కల కింద ఉన్న పిల్లలకు దిగులు లేదు. కొని తెచ్చిన వనరాజా, గ్రామప్రియ రకాల పిల్లలకైతే మొదటి వారంలో 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. బల్బు వెలగనప్పుడు మట్టికుండలో వేడినీళ్లు పోసి మూత బిగించి, గోనె చుట్టి పిల్లల మధ్య పెట్టాలి, నాలుగైదు గంటలకోసారి నీళ్లు మార్చాలి. మూసిన గదిలో నిప్పుల కుంపటి పెడితే ఆ పొగ పిల్లలతో పాటు మనుషుల ప్రాణాలు కూడా తీస్తుంది.

గాలి తగ్గాక

తడిసిన కోడి కనిపిస్తే పాత పంచెతో ఈకల వాలుగా తుడిచి, పొడి గడ్డి వేసిన గంపలో వెచ్చని చోట పెట్టాలి. గోరువెచ్చని నీటిలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి ముందు పెట్టి, ముక్కు కొస తడిపితే అదే తాగుతుంది. నోరు తెరిచి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. గూడు తెరిచేటప్పుడు టార్చి వేసి మూలలన్నీ చూడండి, వరద నీటికి పాములు మెరక చోటే వెతుక్కుంటాయి.

తడిసిన మేతను ఎండబెట్టి వేయడం ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో జరిగే తప్పు. మొక్కజొన్నకూ వేరుశనగ పిండికీ పట్టే బూజులోని విషం ఎండబెట్టినా ఉడకబెట్టినా పోదు. అది కాలేయాన్ని దెబ్బతీసి టీకాల బలాన్ని కూడా తగ్గిస్తుంది. అలాంటి గింజలను పారబోయక తప్పదు, పశువులకు కూడా పెట్టకూడదు. వరద నీరు కలిసిన బావి నీటిని మరిగించి చల్లార్చి పోయాలి, లేదా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక గంట ఆగి వాడుకోవాలి.

రోగాలు

తుఫాను తరువాత రెండు మూడు వారాలు రోజూ రాత్రి ఎనిమిది గంటలకు గూటి దగ్గర దీపం లేకుండా నిలబడి వినండి. ఆరోగ్యంగా ఉన్న కోళ్ల గూడు నిశ్శబ్దంగా ఉంటుంది. గురక, తుమ్ము, గరగర వినిపిస్తే ఏ కోడి నుంచి వస్తుందో గుర్తించి ఉదయమే వేరు చేయాలి. ఆ సమయంలోనే మెడ కింద మేత నిలిచే సంచిని వేళ్లతో తడమాలి. సాయంత్రం మేసిన కోడికి అది నిండుగా తగులుతుంది, ఖాళీగా ఉంటే ఆ కోడి ఆ రోజు తినలేదని అర్థం. పగలు కునికిపాట్లు పడటం, తోక దించి ఈకలు ఉబ్బించుకోవడం, తల మీది ఎర్ర జుట్టు నల్లబడటం లేదా పాలిపోవడం మనకు కనిపించేసరికి ఒక రోజు ఆలస్యమయినట్టే.

అన్నిటికంటే భయపడవలసినది కొక్కెర తెగులు. మన దేశంలో దీనిని 1927లో రాణిఖేత్‌లో గుర్తించారు కనుక ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ముక్కు తెరిచి ఊపిరి తీయడం, ఆకుపచ్చని పారుడు, మెడ మెలి తిరిగిపోవడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడటం దీని గుర్తులు. ఇది వైరస్ వల్ల వస్తుంది, వచ్చాక మందు లేదు. టీకా మాత్రం ఉంది, అది కూడా ముందే వేయించాలి. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క లాసోటా అనే టీకా, నాలుగు వారాలకు నీళ్లలో మళ్లీ లాసోటా, ఎనిమిది వారాలకు రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు ఆర్2బి అనే టీకా ఇస్తారు. పెద్దకోళ్లకు సెప్టెంబరు మొదటి వారంలో, వారం ముందు ఏలికపాముల మందు పట్టించి, ఆర్2బి వేయించడం మంచిది. రక్షణ రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది గనుక, పక్కింట్లో కోళ్లు చావడం చూసి పరుగెత్తితే ప్రయోజనం తక్కువ. పైగా అప్పటికే రోగం పొదిగి ఉన్న కోడికి గుచ్చిన సూదే మిగతా వాటికి దానిని మోసుకుపోతుంది.

టీకా సీసా ఐస్‌లోనే ఇంటికి రావాలి, కలిపిన తరువాత రెండు గంటల్లో వాడేయాలి. నీళ్లలో ఇచ్చే టీకాకు బ్లీచింగ్ కలిపిన నీరు పనికిరాదు, అది టీకాను చంపేస్తుంది. ఒక్క సీసాలో సాధారణంగా నూరు మోతాదులు ఉంటాయి కాబట్టి వీధిలో పది ఇళ్ల వారు ఒక రోజు అనుకుని, పశువైద్యశాల సిబ్బందిని పిలిపించుకుని, తెల్లవారుజామున కోళ్లను విడవక ముందే వేయించుకోవడం తేలిక. మీ కోళ్లకు మాత్రమే వేయించి ఊరుకుంటే సగం పనే అయినట్టు, ఎందుకంటే పెరటి కోళ్లకు పెరళ్ల మధ్య హద్దులుండవు.

నీరు నిలిచి దోమలు పెరిగితే కోళ్లకు అమ్మవారు పోస్తుంది. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేచి నల్లని పెచ్చులు కడతాయి. పెచ్చులను గిల్లకుండా రోజుకు రెండుసార్లు పొవిడోన్ అయోడిన్ గాని, పసుపు కలిపిన వేపనూనె గాని రాస్తే చాలావరకు మానిపోతాయి. నోటి లోపల తెల్లని పొర కట్టిన కోడికి మాత్రం పశువైద్యుల సాయం కావాలి. తడి ఊకలో పెరిగిన పిల్లలకు మూడు నుంచి ఆరు వారాల మధ్య రక్తపు పారుడు వస్తుంది. దీనికి ఆంప్రోలియం నీళ్లలో కలిపి ఇస్తారు. ఆ మందు ఇస్తున్న రోజుల్లో బి విటమిన్ టానిక్ ఇవ్వకూడదు, అది మందు పనిని చెడగొడుతుంది. గురకకు మందుల దుకాణంలో దొరికే మనుషుల యాంటీబయాటిక్ మాత్రలను నూరి పోయడం నేను చాలా ఇళ్లలో చూశాను. దయచేసి అలా చేయవద్దు. మీ రైతు సేవా కేంద్రంలోని సహాయకుడిని అడగండి, లేదా పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పిన మందులు వాడినప్పుడు ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి.

జబ్బు కోడి పనులు అన్నిటికన్నా చివర చేయాలి, చేసిన తరువాత చేతులు, చెప్పులు సబ్బు నీళ్లతో కడుక్కోవాలి. చచ్చిన కోడిని చెరువులో గాని రోడ్డు పక్కన గాని పారేయకుండా, బావికి దూరంగా మూడడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. జబ్బు చేసిన కోడిని కోసుకోవడం, తక్కువ ధరకు అమ్మడం రెండూ తప్పే. ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోతే చేతులతో తాకకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది, అది మన దాకా రాదని అనుకోవడానికి లేదు. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులూ కొంగలూ మనకు అతిథులు, వాటి జోలికి వెళ్లవలసిన అవసరం లేదు; అడవి పక్షులు దిగే చెరువు గట్టున మన కోళ్లను మేపకుండా ఉంటే చాలు.

సంక్రాంతి ముందు

పండగకు రెండు వారాల ముందు సంతకు వచ్చే కోళ్లలో, ఇంట్లో జబ్బు మొదలైందని త్వరపడి అమ్మేవి కూడా కలిసి ఉంటాయి. సంతలో కొన్న కోడిని, అల్లుడి కోసం చుట్టాలు పంపిన కోడిని సైతం, మూడు వారాలు వేరే గంపలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచిన తరువాతే మందలో కలపాలి. సంతకు తీసుకెళ్లి అమ్ముడుపోక తిరిగి తెచ్చిన మీ కోడికి కూడా ఇదే వర్తిస్తుంది. పగటి వెలుగు పదకొండు గంటలే ఉండే ఈ రోజుల్లో పెట్టలు గుడ్లు తగ్గించడం సహజం, దానికి మందులు వెతకవద్దు. గుల్లలు దంచిన పొడి, మునగాకు, చెదపురుగులు అందుబాటులో ఉంచితే మాఘమాసం నాటికి మళ్లీ పెడతాయి. ఒకవేళ తెగులు వచ్చి గూడు ఖాళీ అయితే ఊకంతా తగలబెట్టి, గోడలకు, బొంగులకు సున్నం కొట్టి, ఎండ తగిలేలా తలుపులు తీసి కనీసం నెల రోజులు వదిలేసి, ఆ తరువాతే టీకా వేసిన కొత్త పిల్లలను తెచ్చుకోవాలి.