సాంగర్ సీక్వెన్సింగ్: పీసీఆర్ ముక్కను రెండు వైపుల నుంచీ చదవడం

ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల వరుస తేల్చేటప్పుడు ఫ్రెడరిక్ సాంగర్ ఒక్క కోతను నమ్మలేదు. ఆమ్లంతో ఒకసారి, ఎంజైములతో మరోసారి ముక్కలు చేసి, ఒక ముక్క చివర ఇంకో ముక్క మొదలుతో కలిసిన చోటే వరుస ఖాయం చేశాడు. 1977లో ఆయన బృందం ప్రకటించిన డైడీఆక్సీ పద్ధతితో (చేరగానే గొలుసును ఆపేసే డైడీఆక్సీ బేసులు వాడేది, అదే సాంగర్ సీక్వెన్సింగ్) డీఎన్‌ఏ చదివేటప్పుడూ ఆ పట్టుదల కావాలి. ఒక వైపు నుంచి చదివిన ఫార్వర్డ్ రీడ్ ఒక్కటే చూసి, ఎదుటి వైపు నుంచి చదివే రివర్స్ రీడ్ చూడకుండా మ్యుటేషన్ ఉందని రాసేయకండి.

ముందు పీసీఆర్ ప్రొడక్ట్‌ను, అంటే పీసీఆర్‌తో నకళ్లు తీసి పెంచిన డీఎన్‌ఏ ముక్కను, జెల్ మీద చూడండి. ఒకే బ్యాండ్ ఉండాలి. రెండుంటే కావలసినదాన్ని జెల్ నుంచి కోసి తీయండి. బ్యాండ్ ఒకటే ఉన్నా శుద్ధి తప్పదు. మిగిలిపోయిన పీసీఆర్ ప్రైమర్లు (నకలు మొదలయ్యే చోటును పట్టించే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు) రెండు దిక్కులా పనిచేసి, రీడ్‌లో మొదటి నుంచే పీక్ (ఒక్కో బేసును చూపే శిఖరం) మీద పీక్ పడేలా చేస్తాయి. శుద్ధికి ఎక్సో–సాప్ ఎంజైములైతే 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత వాటిని చంపడానికి 80 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. శుద్ధి కాలమ్ వాడితే డీఎన్‌ఏను నీటితోనే ఎల్యూట్ చేయండి, అంటే దించండి. టీఈ బఫర్‌లోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటే నకలు తీసే ఎంజైము పాలిమరేజ్ నడవదు.

రంగు అంటించిన డైడీఆక్సీలున్న బిగ్‌డై 3.1 కిట్‌తో రియాక్షన్ 20 మైక్రోలీటర్లకు: రెడీ మిక్స్ 8 మైక్రోలీటర్లు, ప్రైమర్ 3.2 పికోమోల్స్, టెంప్లేట్ (చదవాల్సిన డీఎన్‌ఏ), మిగతాది నీరు. ఒక ట్యూబులో ఒకే ప్రైమర్. ఫార్వర్డ్‌కు ఒకటి, రివర్స్‌కు ఇంకొకటి. టెంప్లేట్ 500–1000 బేసుల ముక్కైతే 5–20 నానోగ్రాములు చాలు, ప్లాస్మిడ్ (బాక్టీరియాలోని గుండ్రని డీఎన్‌ఏ) అయితే 150–300. టెంప్లేట్ ఎక్కువ వేస్తే రంగు డైడీఆక్సీలన్నీ పొట్టి ముక్కల్లోనే ఖర్చయిపోతాయి. సిగ్నల్ మొదట ఎగసిపడి, దూరం వెళ్లకుండానే కూలిపోతుంది.

96 డిగ్రీల దగ్గర 1 నిమిషం. తర్వాత 96 దగ్గర 10 సెకన్లు, 50 దగ్గర 5 సెకన్లు, 60 దగ్గర 4 నిమిషాలు, ఇలా 25 సైకిళ్లు. జీ, సీ బేసులు బాగా ఎక్కువున్న ముక్కకు 5 శాతం డీఎంఎస్‌ఓ కలిపి చూడవచ్చు.

అసలు ఎక్కువ రీడ్లు పాడయ్యేది ఆ తర్వాతి శుద్ధిలో. రియాక్షన్‌కు 125 మిల్లీమోలార్ ఈడీటీఏ 5 మైక్రోలీటర్లు, వంద శాతం ఇథనాల్ 60 మైక్రోలీటర్లు కలిపి గది ఉష్ణోగ్రతలో 15 నిమిషాలు ఉంచండి. మొత్తం 85లో 60, అంటే ఇథనాల్ దాదాపు 70 శాతం. ఈ లెక్క ముఖ్యం. అది పెరిగితే అంటుకోని రంగు కూడా పెల్లెట్‌లోకి (అడుగున చేరే డీఎన్‌ఏలోకి) దిగి, రీడ్‌లో 70–80 బేసుల దగ్గర ఉబ్బెత్తు మచ్చగా కనిపిస్తుంది. తగ్గితే పొట్టి ముక్కలు కొట్టుకుపోతాయి. మూత సరిగా పెట్టని సీసాలోని ఇథనాల్ తేమ పీల్చుకుని పలచబడుతుంది, అందుకే కొత్త సీసా వాడండి. 4 డిగ్రీల దగ్గర 1650 జీ వేగంతో 45 నిమిషాలు తిప్పి, వెంటనే ద్రవం వంచేయండి. పెల్లెట్ కంటికి కనిపించదు, పిపెట్ మొన తగలనీయకండి. 70 శాతం ఇథనాల్ 60 మైక్రోలీటర్లతో కడిగి, 15 నిమిషాలు తిప్పి, వెలుతురు పడకుండా ఆరబెట్టండి. హై–డై ఫార్మమైడ్ 10 మైక్రోలీటర్లలో కరిగించి, 95 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు వేడిచేసి, ఐసులో పెట్టి సీక్వెన్సింగ్ మెషీన్‌కు ఎక్కించండి.

ఫలితం వచ్చాక అక్షరాల ఫైల్ కాదు, పీకులు కనిపించే గ్రాఫ్, అంటే క్రోమాటోగ్రామ్ తెరవండి. మొదటి 30–40 బేసులు, 700 దాటాక వచ్చేవి నమ్మదగ్గవి కావు. ఒక్కో బేసు ఎంత నమ్మదగ్గదో చెప్పే ఫ్రెడ్ స్కోరు 20 అంటే నూటికి ఒక తప్పుకు అవకాశం, 30 అంటే వెయ్యికి ఒకటి. ఒకే చోట రెండు పీకులుండి, రివర్స్ రీడ్‌లోనూ అక్కడే వాటి జత బేసులు కనిపిస్తే హెటిరోజైగస్ మార్పు, అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఉన్న మార్పు. ఒక బిందువు నుంచి చివరిదాకా పీకులు కలగలిసిపోతే ఒక ప్రతిలో బేసులు చేరి లేదా పోయి ఉండవచ్చు. రివర్స్ రీడ్ అదే ప్రాంతంలో అవతలి వైపు నుంచి చెదరడం మొదలవాలి. వరుసగా ‘ఏ’ బేసులే వచ్చే చోట పాలిమరేజ్ జారినా ముందువైపు రీడ్ ఇలాగే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ వరుస దాటిన చోట కొత్త ప్రైమర్ పెట్టి చదవండి.