బొమ్మ రాని కంప్యూటర్ – 4వ పాఠం: బోర్డు చూపించే రెండంకెలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పవర్ సప్లైని కేబినెట్ నుంచి విప్పి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ ఒక నల్ల వైరునీ తీగ ముక్కతో కలిపి, పసుపు వైరు మీద మీటరు పెట్టి చూడమన్నాను. 11.4 వోల్టులకీ 12.6 వోల్టులకీ మధ్య చూపిస్తే ఇప్పటికి సప్లైని నమ్ముదాం. అంతకంటే తక్కువ చూపిస్తే ఈ పాఠం తర్వాత చదువుకోవచ్చు, ముందు సప్లై మార్చండి.

ఈసారి చూడబోయేది, ఫ్యాన్లు తిరుగుతూ లైట్లు వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోయే కేసు. ఒడిశా పర్లాకిమిడిలో మా షాపుకి ఎక్కువగా వచ్చేది ఇదే. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చినవాళ్లయితే “లైటు వెలుగుతోంది గానీ బొమ్మ రావట్లేదు బాబూ” అంటారు. ఇక్కడివాళ్లు “ఖరాప్ హెయిగలా భాయి” (పాడైపోయింది అన్నా) అని డబ్బాని కౌంటర్ మీద పెట్టేసి వెళ్లిపోతారు. మొదటి రకం వాళ్లే నయం, కనీసం ఎంతవరకు పని చేస్తోందో చెప్తారు. ఈ రోజు పాఠం మొత్తం ఆ “ఎంతవరకు” గురించే.

పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి విండోస్ గుర్తు కనపడేదాకా బోర్డు, అంటే మదర్‌బోర్డు, ఊరికే ఉండదు. బయోస్ చిప్‌లోని ప్రోగ్రామ్ ముందు ప్రాసెసర్‌ని సిద్ధం చేస్తుంది, తర్వాత చిప్‌సెట్‌ని, ర్యామ్‌ని, స్లాట్లలో ఉన్న కార్డుల్ని, కీబోర్డుని, డిస్క్‌ని వరసగా పలకరిస్తుంది. దీన్ని పోస్ట్ అంటారు, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో నంబరుని 80 అనే పోర్టులోకి పంపి ముందుకెళ్తుంది. 1984లో ఐబీఎం తెచ్చిన ఏటీ మెషీన్ల నాటి అలవాటు ఇది, ఇప్పటికీ పోలేదు. కాస్త ఖరీదైన బోర్డుల్లో మూలన గోరంత డిస్‌ప్లే ఉంటుంది చూడండి, ఆ నంబర్లు కనిపించేది దాని మీదే.

ఈ నంబర్లు పదహారు అంకెల లెక్కలో ఉంటాయి: 0 నుంచి 9 దాకా, ఆ తర్వాత ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్. ఒక్కో కోడ్‌కీ రెండంకెలు కాబట్టి మొత్తం 256 కోడ్‌లు. చదవడంలో ఒక చిక్కుంది. ఆ డిస్‌ప్లేలో ఒక్కో అంకెకీ ఏడే గీతలు కాబట్టి పెద్ద బి రాస్తే 8 లాగా, పెద్ద డి రాస్తే సున్నా లాగా కనపడుతుంది. అందుకని ఆ రెండింటినీ చిన్నబడి అక్షరాల్లో చూపిస్తారు. అప్పుడు చిన్నబడి బి చూడ్డానికి 6 లాగా ఉంటుంది. తేడా పైగీత ఒక్కటే: నెత్తిన గీత ఉంటే 6, లేకపోతే బి. బోర్డు కేబినెట్‌లో తలకిందులుగా కనపడే చోట ఉంటే ఇంకా గందరగోళం. నేను ఫోనులో ఫొటో తీసి తిప్పి చూసుకుంటాను, మొహమాటం లేదు.

ఇప్పుడు అసలు విషయం. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు. కోడ్ కనపడగానే మాన్యువల్ తీసి, దాని ఎదురుగా “మెమరీ” అని ఉంటే ర్యామ్ పోయిందని తేల్చేస్తారు. కోడ్ చెప్పేది పోయిన సామాను పేరు కాదు, బోర్డు ఆగిపోయిన చోటు. నౌపడా నుంచి గుణుపూర్ వచ్చే బండి ఉందనుకోండి. టెక్కలి దాటింది, పాతపట్నం దాటింది, పర్లాకిమిడిలో నిలబడిపోయింది. తప్పు పర్లాకిమిడి స్టేషన్‌దేనా? ఇంజిన్‌ది కావచ్చు, ముందు కాశీనగర్ వైపు పట్టాలది కావచ్చు. బండి ఎక్కడుందో తెలిస్తే ఎక్కడికి వెళ్లి వెతకాలో తెలుస్తుంది, అంతే.

ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా కనపడే ఏఎంఐ అనే కంపెనీ బయోస్ వరస తీసుకుందాం. 10ల్లో, 20ల్లో ఉన్నంతసేపు ప్రాసెసర్, చిప్‌సెట్, ర్యామ్ తొలి పనులు నడుస్తున్నాయి. 2బి నుంచి 2ఎఫ్ దాకా ర్యామ్‌ని లేపే పని. 50 నుంచి 53 దాకా, ఇంకా 55, ర్యామ్ దగ్గర పడిన తప్పులు. 55 అంటే ర్యామ్ అసలు పెట్టలేదని బోర్డు అనుకుంటోందన్నమాట. 60 దాటితే పెద్ద గండం గడిచినట్టే. 92, 94ల్లో పీసీఐ కార్డుల్ని వెతుకుతుంది, 9ఏ దగ్గర యూఎస్‌బీ. ఏ2 డిస్క్‌ల్ని గుర్తుపట్టే మెట్టు. డి6 అంటే బొమ్మ పంపడానికి ఏ పరికరమూ దొరకలేదని. చాలా బోర్డుల్లో చివరికి ఏఏ అని నిలబడుతుంది, అది తప్పు కాదు, పని విండోస్ చేతికి అప్పజెప్పానని అర్థం. ఏఏ చూసి కంగారుపడి బోర్డు పట్టుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఇక 55 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఒక పూటంతా పోగొట్టుకున్నది దీని దగ్గరే.

కాశీనగర్‌లో జిరాక్స్ షాపు నడిపే కుర్రాడు ఒకడు సిస్టమ్ తెచ్చాడు. కోడ్ 55. తనే ఫోనులో వెతుక్కుని, ర్యామ్ పోయిందని నిర్ణయించుకుని, బరంపురం నుంచి కొత్త ర్యామ్ తెప్పించి పెట్టి, అయినా రాకపోతే నా దగ్గరికొచ్చాడు. నేనూ ముందు దారి తప్పాను. పాత ర్యామ్ బంగారు కాళ్ల మీద పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి పెట్టాను. 55. మా తడిగాలికి ఆ కాళ్ల మీద పొర పట్టడం మామూలే, చాలాసార్లు రబ్బరుతోనే పనైపోతుంది. ఈసారి కాలేదు. స్లాటు మార్చాను, 55. నా షాపులో నడుస్తున్న మెషీన్ నుంచి ర్యామ్ తీసి పెట్టాను, మళ్లీ 55.

అప్పుడడిగాను, “ఈమధ్య ఏమైనా విప్పావా?” అని. ఫ్యాన్ చప్పుడు చేస్తోందని ప్రాసెసర్ మీది కూలర్ మార్చాడట, అప్పుడు ప్రాసెసర్ కూడా బయటికి తీశాడట, మళ్లీ పెట్టేశాడట. ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న.

ఒకప్పుడు ర్యామ్‌తో మాట్లాడే కంట్రోలర్ బోర్డు మీది చిప్‌లో ఉండేది. ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో దాన్ని ప్రాసెసర్ లోపలికి తెచ్చేశాయి. కాబట్టి ఇప్పుడు ర్యామ్ స్లాటు నుంచి వచ్చే డేటా తీగలన్నీ ప్రాసెసర్ సాకెట్ పిన్నుల మీదుగానే వెళ్తాయి. ఆ కుర్రాడి బోర్డు ఎల్‌జీఏ 1200 రకం, అంటే సాకెట్‌లో 1200 సన్నటి పిన్నులు. ప్రాసెసర్ తీసి, టార్చి ఏటవాలుగా పట్టి చూశాను. పిన్నులన్నీ నారుమడిలా వరసగా, ఒకే రకంగా మెరుస్తున్నాయి. ఒక అంచున మాత్రం ఒకే ఒక్కటి పక్కదాని మీదకి ఒరిగిపోయి ఉంది. ములుకు తీసేసిన 0.7 మెకానికల్ పెన్సిల్ మూతిని ఆ పిన్ను మీద తొడిగి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి పైకి లేపాను. బలం పెడితే విరిగిపోతుంది, విరిగితే బోర్డు అక్కడికి సరి. ప్రాసెసర్ పెట్టి బటన్ నొక్కాను. అంకెలు 55 దగ్గర ఆగకుండా పరిగెత్తి ఏఏ దగ్గర నిలబడ్డాయి.

కోడ్ అబద్ధం చెప్పలేదు. బోర్డుకి ర్యామ్ నిజంగానే కనపడలేదు. ఎందుకు కనపడలేదన్నది దానికి తెలీదు. కూలర్ మరలు ఒక వైపు మరీ బిగించినా ఒక్కోసారి ఇలాగే ర్యామ్ కనపడకుండా పోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

మీ బోర్డుకి అంకెల డిస్‌ప్లే లేకపోతే దిగులుపడొద్దు, నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. పక్కన సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ అని రాసి ఉంటుంది. ఒక్కొక్కటీ వెలిగి ఆరుతూ పోతాయి, ఆరకుండా ఉండిపోయినదే బండి ఆగిన స్టేషన్. అవి కూడా లేకపోతే నాలుగు పిన్నుల చిన్న బజర్ కొని స్పీకర్ అని రాసి ఉన్న చోట తగిలించండి. చప్పుళ్ల లెక్క బయోస్‌ని బట్టి మారుతుంది. అవార్డ్ అనే కంపెనీ పాత బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే కార్డు. పాత ఏఎంఐలో మూడు పొట్టి అంటే ర్యామ్ మొదటి 64 కేబీ. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే దారి తప్పుతారు. ఈ కోడ్‌లని చూపించే, పీసీఐ స్లాట్‌లో గుచ్చే పోస్ట్ కార్డులు ఇంకా దొరుకుతాయి గానీ, కొత్త బోర్డుల్లో చాలావాటికి ఆ స్లాటే లేదు. కొనేముందు చూసుకోండి.

కొత్తగా బిగించిన సిస్టమ్‌కి బొమ్మ రాకపోతే సామాను పోయిందని అనుకునే ముందు నాలుగు చోట్ల చూడాలి. ప్రాసెసర్ పక్కన పైమూలలో ఉండే 8 పిన్నుల పవర్ పెట్టారా? అది మర్చిపోతే ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టండి, మాన్యువల్ వేరేగా చెప్తే తప్ప. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకి 12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ లేదు. మానిటర్ వైరు బోర్డుకి కాకుండా కార్డుకి పెట్టాలి. బోర్డు ఏఏ చూపిస్తూ తెర నల్లగా ఉంటే ముందు వెనక్కి వంగి ఆ వైరు చూడండి.

నాలుగోది ఓపిక. డీడీఆర్5 ర్యామ్ పెట్టి మొదటిసారి వెలిగించినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో వేగం, టైమింగ్ సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే, డ్రామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. మొదటిసారి నాకీ సంగతి తెలీక, టెన్షన్‌తో మూడుసార్లు స్విచ్ ఆపి వేశాను. ఆపిన ప్రతిసారీ అది మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది పాపం. ఇప్పుడు బటన్ నొక్కి టీ తాగడానికి వెళ్తాను.

ఇంటి పని. నడుస్తున్న సిస్టమ్ ఒకటి తీసుకోండి, మీదే అయ్యుండాలి, పక్కింటివాళ్లది వద్దు. గోడ స్విచ్ ఆపి ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ర్యామ్ మొత్తం తీసేసి, మళ్లీ ప్లగ్ పెట్టి వెలిగించండి. అంకెలు కంటికి అందనంత వేగంగా మారతాయి కాబట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి, కనపడిన ప్రతి కోడ్‌నీ వరసలో నోటు పుస్తకంలో రాయండి. డిస్‌ప్లే లేనివాళ్లు లైట్ల వరస, బజర్ చప్పుళ్లు రాయండి. ర్యామ్ తిరిగి పెట్టి మళ్లీ అదే వీడియో తీసి, రెండో వరస మొదటిదాని పక్కనే రాసుకోండి. మీ బోర్డు ఆరోగ్యంగా ఉన్నప్పటి ఆ రెండో వరసే రేపు జబ్బు చేసినప్పుడు పోల్చి చూడ్డానికి పనికొస్తుంది.

5వ పాఠానికి నాణెంలా ఉండే సీఆర్ 2032 సెల్ ఒకటి కొనిపెట్టుకోండి. తేదీ ప్రతి ఉదయం వెనక్కి పోయే కంప్యూటర్ ఒకటి బల్ల మీద ఎదురుచూస్తోంది.